రెండు శాండ్ ప్లవర్లు, ఒక స్పాటింగ్ స్కోప్: రెండు వలస కాలాల వాడకం తరువాత

బురదమేట మీద దూరంగా ఒక బూడిద గోధుమ రంగు పిట్ట నాలుగడుగులు పరుగెత్తి, నిలబడి, తల వంచి ఏదో అందుకుని, మళ్ళీ పరుగందుకుంటుంది. ఒకేలా కనబడే రెండు తీరపు పక్షులలో అది లెస్సర్ శాండ్ ప్లవరా, గ్రేటర్ శాండ్ ప్లవరా అన్న ప్రశ్నకు జవాబు దొరకక, ఏళ్ళ తరబడి నా నోటు పుస్తకంలో ‘శాండ్ ప్లవర్, ఏదో తేలలేదు’ అని రాసుకుంటూ వచ్చాను. రెండు వలస కాలాల క్రితం, ప్రధానంగా ఆ జవాబు కోసమే, 80 మిల్లీమీటర్ల ముందు కటకం, 20 నుంచి 60 రెట్ల జూమ్ ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం), 45 డిగ్రీల వంపు ఉన్న ఒక స్పాటింగ్ స్కోప్‌ను, అంటే ట్రైపాడ్ మీద పెట్టి ఒక కంటితో చూసే దూరదర్శినిని, కొన్నాను. దాదాపు ఇవే కొలతలతో చాలా కంపెనీలు స్కోపులు తయారు చేస్తున్నాయి కనుక, కింద రాసినదాన్ని ఒక మోడల్ మీద తీర్పుగా కాక ఈ తరగతి పరికరం మీద సమీక్షగా తీసుకోవచ్చు.

ముందుగా నా అభిప్రాయం చెబుతాను. కొన్న పని నెరవేరింది. అయితే డబ్బాల మీద పెద్ద అక్షరాలతో అచ్చు వేసే ఆ 60 రెట్ల వల్ల నెరవేరలేదు. ఈ రెండు పక్షులను విడదీసినప్పుడు నేను వాడినది దాదాపు ప్రతిసారీ 25 నుంచి 40 రెట్ల మధ్యనే. ఎందుకో వివరించాలంటే ముందు ఆ పక్షుల దగ్గరికి వెళ్ళాలి.

చలికాలపు ఈకలలో రెండూ పైన బూడిద గోధుమ రంగులోనూ కింద తెల్లగానూ ఉంటాయి. రొమ్ముకు ఇరువైపులా మసక మచ్చ ఉంటుంది, మెడ వెనుక తెల్ల పట్టీ ఉండదు. అంటే రంగును బట్టి తేల్చుకునే అవకాశం దాదాపు లేదు. లెస్సర్ సుమారు 19 నుంచి 21 సెంటీమీటర్ల పొడవు, గ్రేటర్ సుమారు 22 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు అని పుస్తకాలు చెబుతాయి. ఆ తేడా చేతిలో పట్టుకుంటే తెలుస్తుంది, రెండు పిట్టలు పక్కపక్కన నిలబడినా తెలుస్తుంది, ఒంటరి పిట్టను విశాలమైన బురద మీద చూసినప్పుడు మాత్రం ఏమీ తెలియదు. అందువల్ల చూడవలసింది పరిమాణాన్ని కాదు, అదే పిట్ట ఒంటి మీద ఒక భాగానికీ మరో భాగానికీ ఉన్న నిష్పత్తిని. వాటిలో అన్నిటికన్నా నమ్మదగినది ముక్కు. లెస్సర్ ముక్కు పొడవు, ముక్కు మొదలు నుంచి కంటి వెనుక అంచు వరకు ఉన్న దూరానికి సమానంగా గానీ అంతకన్నా తక్కువగా గానీ ఉంటుంది. గ్రేటర్ ముక్కు ఆ దూరాన్ని స్పష్టంగా మించుతుంది. ముక్కు కొనలో కూడా తేడా ఉంది: లెస్సర్‌ది మొద్దుగా ముగుస్తుంది, గ్రేటర్‌ది ముక్కు మీది ఉబ్బెత్తు దగ్గర నుంచి క్రమంగా సన్నబడుతూ మొనదేలుతుంది.

ఇప్పుడు స్కోప్ లెక్క చూద్దాం. గ్రేటర్ ముక్కును సుమారు 24 మిల్లీమీటర్లు, లెస్సర్ ముక్కును సుమారు 17 మిల్లీమీటర్లు అనుకుంటే, మనం పట్టుకోవలసిన తేడా 7 మిల్లీమీటర్లు. వంద మీటర్ల దూరంలో ఆ 7 మిల్లీమీటర్లు కంటి దగ్గర చేసే కోణం, ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చే కోణ నిమిషంలో నాలుగో వంతు కూడా ఉండదు. మంచి చూపున్న కన్ను విడదీయగలిగిన హద్దు సుమారు ఒక కోణ నిమిషం. 8 రెట్ల బైనాక్యులర్‌తో చూస్తే ఆ తేడా రెండు నిమిషాల లోపే ఉంటుంది, అంటే హద్దును ఆనుకుని ఉంటుంది. ‘పెద్ద ముక్కులా ఉందే’ అనిపిస్తుంది తప్ప నిశ్చయంగా చెప్పలేని ఆ స్థితి చాలామందికి అనుభవమే. అదే తేడా 30 రెట్లలో ఏడు నిమిషాలకు పైగా అవుతుంది. మరోలా చెప్పాలంటే, వంద మీటర్ల దూరంలోని గ్రేటర్ ముక్కు 30 రెట్ల స్కోప్‌లో, ఉత్త కంటికి కనబడే నిండు చంద్రుడి వెడల్పుకన్నా కొంచెం తక్కువ పొడవుతో కనబడుతుంది. లెస్సర్ ముక్కు అందులో 70 శాతం ఉంటుంది. కంటి వెనుక అంచు వరకు మనసులోనే గీత గీసి కొలవడానికి ఇది చాలు.

మరి 60 రెట్లలో ఇంకా బాగా కనబడాలి కదా అంటే, లెక్క ప్రకారం అవును. కానీ బురదమేటల మీద ఎండ ఎక్కిన తరువాత నేల నుంచి లేచే వేడి గాలి ఆ లెక్కను సాగనివ్వదు. ఉదయం కాస్త గడిచేసరికి పిట్ట కాళ్ళు అలల్లా వంకర తిరుగుతూ కనబడతాయి, ముక్కు ఒక క్షణం పొడవుగా మరుక్షణం పొట్టిగా సాగుతుంది. స్కోప్ ఆ కదలికను కూడా 60 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. ఎంత ఖరీదైన గాజు పెట్టినా గాలి మారదు. దీనికి తోడు వెలుగు సమస్య ఒకటి. ఐపీస్ నుంచి బయటికి వచ్చే వెలుగు వలయం వెడల్పు, ముందు కటకం వెడల్పును పెంపు రెట్లతో భాగిస్తే వస్తుంది. 20 రెట్లలో నా స్కోప్ 4 మిల్లీమీటర్ల వలయాన్ని ఇస్తుంది, 40 రెట్లలో 2 మిల్లీమీటర్లను, 60 రెట్లలో 1.3 మిల్లీమీటర్లను మాత్రమే ఇస్తుంది. పోటు వస్తూ పక్షులన్నీ దగ్గరికి చేరే సమయం తెల్లవారుజామునో సాయంత్రమో పడితే, 60 రెట్ల దగ్గర బొమ్మ చీకటిగా మారి వివరాలు చచ్చిపోతాయి. ఇంతకు ముందు నా దగ్గర ఉన్న 60 మిల్లీమీటర్ల స్కోప్‌తో పోలిస్తే 80 మిల్లీమీటర్లది సుమారు 78 శాతం ఎక్కువ వెలుగును పోగుచేస్తుంది. నా మటుకు బరువు పెరిగినందుకు దక్కిన అసలు ప్రతిఫలం అదే.

కాళ్ళ రంగు దగ్గరికి వచ్చేసరికి గాజు నాణ్యత నేరుగా ముందుకు వస్తుంది. లెస్సర్ కాళ్ళు సాధారణంగా ముదురు బూడిద రంగులో, నలుపుకు దగ్గరగా ఉంటాయి. గ్రేటర్ కాళ్ళు లేతగా, ఆకుపచ్చ గానీ పసుపు గానీ కలిసిన బూడిద రంగులో ఉంటాయి. తడి బురద మీద ఎండ పడి మెరుస్తుంటే, ఆ మెరుపుకు ఎదురుగా ఉన్న సన్నటి కాలు చుట్టూ చవక స్కోప్‌లు ఒకవైపు ఊదా, మరోవైపు పచ్చ అంచులు పులుముతాయి. వేరువేరు రంగుల వెలుగు కటకంలో వేరువేరు కోణాలలో వంగడమే దీనికి కారణం. నా పాత స్కోప్‌తో నల్లటి కాళ్ళను పచ్చవిగా చదివి, లెస్సర్‌ను గ్రేటర్‌గా రాసుకున్న సందర్భాలు ఉన్నాయని ఇప్పుడు నాకు అర్థమవుతున్నది. కొత్తదానిలో రంగుల చెదురును తగ్గించే ఈడీ గాజు ఉంది. బొమ్మ మధ్యభాగంలో ఆ అంచులు నా కంటికి కనబడలేదు, పక్కలకు జరిపితే మాత్రం కొద్దిగా కనబడతాయి. అందుకని కాళ్ళ రంగు చూడదలచినప్పుడు పిట్టను బొమ్మ నట్టనడుమకు తెచ్చుకోవడం అలవాటు చేసుకున్నాను. అప్పుడైనా కాళ్ళకు బురద అంటుకుని ఉందేమో చూసుకోవాలి. బురద అంటిన కాలు ఏ జాతిదైనా ఒకే రంగులో ఉంటుంది.

కాళ్ళలో రంగుకన్నా పొడవు మేలైన గుర్తు అని నా అభిప్రాయం. మనం మోకాలు అనుకునే మడమ కీలుకు పైన, ఈకలు కప్పని భాగం గ్రేటర్‌లో ఎక్కువగా ఉంటుంది. అందువల్ల అది పొడవు కాళ్ళ మీద ముందుకు ఒరిగినట్టు, తల పెద్దదిగా, నెత్తి కొంచెం చదునుగా కనబడుతుంది. లెస్సర్ గుండ్రటి తలతో, పొందికైన ఒడ్డూపొడవులతో ఉంటుంది. ఈ పోలికలన్నీ 25 రెట్లలోనే తెలుస్తాయి, పైగా పెంపు తక్కువగా ఉన్నప్పుడే బాగా తెలుస్తాయి, ఎందుకంటే అప్పుడు రెండు మూడు పిట్టలు ఒకే బొమ్మలో ఇముడుతాయి. పక్కనే ఇంకో శాండ్ ప్లవర్ గానీ, కెంటిష్ ప్లవర్, డన్లిన్ వంటి వేరే తీరపు పిట్ట గానీ ఉంటే కన్ను దానంతట అదే కొలుస్తుంది. ఈ స్కోప్‌లో నాకు తృప్తినివ్వని మొదటి విషయం ఇక్కడే ఉంది: జూమ్ ఐపీస్‌లన్నిటిలాగే ఇది కూడా తక్కువ పెంపు దగ్గర ఇవ్వవలసినంత విశాలమైన దృశ్యం ఇవ్వదు. 20 రెట్లకు తిప్పగానే గొట్టంలోంచి చూస్తున్నట్టు అంచులు దగ్గరికి ముడుచుకుంటాయి. 30 రెట్ల దగ్గర స్థిరంగా ఉండే వైడ్ ఐపీస్‌ను ఒక మిత్రుడి స్కోప్‌కు తగిలించి చూశాను. అందులో ఆరు పిట్టల గుంపు మొత్తం ఒకేసారి కనబడింది. పరుగెత్తే పిట్టను వెంబడించడం కూడా సులభమైంది.

పరుగు గురించి చెప్పకుండా ఉండలేను. ఇసుకలో ముక్కు దూర్చి వెతికే పక్షులు కావివి, కంటితో వెతికే పక్షులు. పరుగెత్తడం, ఆగడం, చూడడం, కొట్టడం, ఇదే వాటి రోజంతా. గ్రేటర్ ఒక్కో పరుగులో ఎక్కువ దూరం పోయి, ఎక్కువసేపు నిలబడి చూస్తుంది. దాని లావుపాటి ముక్కుకు చిన్న పీతలను పట్టి చితకగొట్టగల బలం ఉంది. లెస్సర్ పరుగులు పొట్టివి, విరామాలు కూడా పొట్టివి. ఒంటరి పిట్ట మీద ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పడానికి నేను సిద్ధంగా లేను గానీ, ముక్కు చెప్పినదానికి నడక సాక్ష్యం పలికితే ధైర్యం వస్తుంది. ఇందుకోసం ఒక పిట్టను పది నిమిషాల పాటు విడవకుండా చూడాలి. అంతసేపు చూడాలంటే వంపు ఐపీస్ మెడకు ఎంత మేలు చేస్తుందో వాడినవారికి తెలుస్తుంది. నిటారు ఐపీస్‌తో పిట్టను పట్టుకోవడం తేలిక, నిజమే. కానీ వేరువేరు ఎత్తులున్న నలుగురు వంతులవారీగా చూడవలసి వచ్చినప్పుడు, ట్రైపాడ్‌ను ఒకే ఎత్తులో ఉంచి అందరూ చూడగలిగేది వంపు ఉన్నదానితోనే.

స్కోప్ నన్ను తప్పుదారి పట్టించిన రోజు కూడా ఒకటి ఉంది, దాన్ని దాచడం ఈ సమీక్షకు న్యాయం కాదు. దగ్గరలో ఒంటరిగా నిలబడిన ఒక పిట్టను 50 రెట్లకు పెంచి చూశాను. బొమ్మ నిండా పిట్టే. తల పెద్దదిగా, ముక్కు బలంగా అనిపించింది. గ్రేటర్ అని రాసుకున్నాను. కాసేపటికి అది లేచి ఎగిరింది. ఎగురుతున్న గ్రేటర్ కాలివేళ్ళు తోక చివరను దాటి వెనక్కి పొడుచుకు వస్తాయి. దీని వేళ్ళు తోకను దాటలేదు. కూత కూడా పొట్టిగా, గట్టిగా ‘చిట్టిక్’ అని వినిపించింది. గ్రేటర్‌ది మెత్తగా దొర్లే ‘ప్ర్ర్ర్ట్’ అన్న ధ్వని. తిరిగి నేను తీసిన ఫొటోలలో కొలిస్తే ముక్కు కంటి వెనుక అంచు దాకా వచ్చి ఆగింది. అది లెస్సరే. బొమ్మ పెద్దదైతే పిట్ట పెద్దదిగా అనిపిస్తుంది, ఆ భ్రమలో నిష్పత్తిని కొలవడం మరిచిపోయాను. అప్పటి నుంచి ముందు 25 రెట్లలో ఆకారం రాసుకుని, తరువాతే పెంచి ముక్కు చూస్తున్నాను.

ఎగిరే పిట్ట విషయంలో స్కోప్ నుంచి పెద్దగా ఆశించకూడదు. కాలివేళ్ళనూ, రెక్క మీది తెల్ల పట్టీ గ్రేటర్‌లో లోపలి ప్రధాన ఈకల (రెక్క కొన వైపు పెద్ద ఈకలలో ఒంటికి దగ్గరివి) దగ్గర వెడల్పవడాన్నీ చూడాలంటే బైనాక్యులరే మేలు, లేదా వేగంగా ఫొటోలు తీసే కెమెరా కావాలి. స్కోప్‌లో కన్ను పెట్టి ఉండగా గుంపు లేస్తే, నేను బైనాక్యులర్ అందుకునేలోపు పిట్టలు వెళ్ళిపోయిన సందర్భాలే ఎక్కువ.

వసంతకాలంలో కథ మారుతుంది. సంతానోత్పత్తి ఈకలు వచ్చేసరికి రెండు పక్షులకూ రొమ్ము మీద ఇటుక ఎరుపు పట్టీ వస్తుంది. లెస్సర్‌లో అది వెడల్పుగా ఉండి పక్కలకు కూడా దిగుతుంది, గ్రేటర్‌లో సన్నగా ఉంటుంది. గ్రేటర్ ఈ వేషం ముందుగా వేస్తుంది కనుక, గుంపులో ఇంకా అన్నీ బూడిద రంగులో ఉండగా ఒకటి రెండు ఎరుపెక్కాయంటే వాటిని ముందు స్కోప్‌లోకి తెచ్చుకోవడం మంచిది. ఇక్కడ ఈ స్కోప్ నాకు ఊహించని సంతోషాన్నిచ్చింది. పీటర్ సైమన్ పల్లాస్ 1776లో వర్ణించిన లెస్సర్ శాండ్ ప్లవర్‌ను ఇటీవలి సంవత్సరాలలో పక్షి జాబితాలు రెండు జాతులుగా విడదీశాయి: సైబీరియన్ శాండ్ ప్లవర్, టిబెటన్ శాండ్ ప్లవర్. 2022లో వెలువడిన జన్యు అధ్యయనం ప్రకారం టిబెటన్ పక్షికి దగ్గరి బంధువు సైబీరియన్ కాదు, గ్రేటర్. ఇన్నాళ్ళూ ‘లెస్సర్’ అని ఒక గాటన కట్టినవాటిలో ఒకటి అవతలి పక్షికి చెల్లెలని తేలడం నన్ను చాలా రోజులు వెంటాడింది. వసంతపు మగ పక్షులలో సైబీరియన్‌కు నుదురు తెల్లగా ఉండి, తెల్లటి గొంతుకూ ఎర్ర పట్టీకీ మధ్య సన్నటి నల్ల గీత ఉంటుంది. టిబెటన్‌కు నుదురు నల్లగా ఉంటుంది, ఆ గీత ఉండదు. వంద మీటర్లకు పైన ఉన్న పిట్ట మీద ఆ సన్నటి గీత ఉందా లేదా అని చూడడానికి నిజంగా 45, 50 రెట్లు పనికొచ్చాయి. గాలి చల్లగా, నిశ్చలంగా ఉన్న తెల్లవారు గంటలో మాత్రమే.

చలికాలంలో ఆ రెండిటినీ విడదీయడం ఈ స్కోప్ వల్ల కాదు, నా వల్ల కూడా కాదు. పైగా టిబెటన్ ముక్కు సైబీరియన్ ముక్కుకన్నా పొడవు. గ్రేటర్‌లో పడమటి ప్రాంతాలలో గూడు కట్టే కొలంబైనస్ అనే ఉపజాతి ముక్కు మిగతా గ్రేటర్లకన్నా పొట్టి. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురు నడిచి మధ్యలో కలుసుకుంటాయి. అటువంటి పిట్ట ఎదురైనప్పుడు కొలతలో అర మిల్లీమీటరు అటూ ఇటూ వాదించడం కన్నా ‘తేలలేదు’ అని రాసి పక్కన పెట్టడమే నిజాయితీ. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పి ముందుకు వెళతాను. గ్రేటర్ శాస్త్రీయ నామంలోని లెషెనో పుదుచ్చేరిలో పనిచేసిన ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు. 1826లో రెనే లెసోన్ ఆయన పేరును ఈ పక్షికి పెట్టాడు. మొక్కల మనిషి పేరు ఒడ్డున పరుగెత్తే పిట్టకు దక్కింది.

ఇక పరికరంలోని మిగతా మంచిచెడ్డలు. ఫోకస్ చక్రం మెత్తగా తిరుగుతుంది, వదులుగా ఊగదు. లోపల పొడి వాయువు నింపి మూసినందువల్ల తేమ గాలిలోంచి చల్లటి గదిలోకి, గదిలోంచి ఎండలోకి మార్చినా లోపల ఆవిరి పట్టలేదు. కళ్ళద్దాలు పెట్టుకునేవారు మాత్రం కొనేముందు స్వయంగా చూసి తీరాలి. 20 రెట్లలో అద్దాలతో మొత్తం వలయం కనబడుతుంది, పెంపు పెరిగేకొద్దీ అంచులు తెగిపోతాయి. కంటికీ ఐపీస్‌కూ మధ్య సుఖంగా ఉండే దూరం 15 మిల్లీమీటర్లకు తగ్గితే అద్దాలతో చూడడం కష్టమని నా అనుభవం. స్కోప్‌తో వచ్చిన గుడ్డ కవర్ జిప్పు రెండో నెలలోనే ఉప్పుగాలికి పట్టేసింది. నేను దాన్ని తీసేసి, పని అయిన వెంటనే మంచినీటిలో తడిపిన మెత్తటి గుడ్డతో స్కోప్ ఒళ్ళు తుడుస్తున్నాను. కటకాన్ని మాత్రం ముందు గాలి ఊది ఇసుక రేణువులు పోగొట్టిన తరువాతే తుడవాలి.

ట్రైపాడ్ విషయంలో పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతాను. స్కోప్ మీద పెట్టిన డబ్బంతా సన్నటి కాళ్ళ ట్రైపాడ్ మీద సముద్రపు గాలికి ఊగిపోతుంది. 7 మిల్లీమీటర్ల తేడా కోసం వెతుకుతున్నవారికి ఆ ఊపు మొత్తం జవాబునే తుడిచేస్తుంది. నడిమి కడ్డీని పైకి లేపకుండా, కాళ్ళను తక్కువ ఎత్తులో వెడల్పుగా పరిచి, కింద కొక్కేనికి సంచీ తగిలించి, నేను చిన్న పీట మీద కూర్చుని చూస్తున్నాను. కూర్చున్న మనిషికి పిట్టలు కూడా తక్కువగా బెదురుతాయి.

బైనాక్యులర్‌తో పక్షులు చూసి సంతోషపడేవారికి ఈ స్కోప్ అవసరం లేదు. తీరపు పక్షులను, అందులోనూ ఇటువంటి జంటలను తేల్చుకోవాలన్న పట్టుదల ఉన్నవారికి మాత్రం 80 మిల్లీమీటర్ల ఈడీ గాజు స్కోప్ మంచి కొనుగోలు అని చెప్పగలను. ఐపీస్ విడిగా ఎంచుకునే వీలుంటే నేను జూమ్ బదులు 30 రెట్ల వైడ్ ఐపీస్‌నే తీసుకుంటాను, గొంతు కింది నల్ల గీతను కొన్ని తెల్లవారుజాములు వదులుకోవలసి వచ్చినా సరే. ఈ వలస కాలంలో నా పుస్తకంలో లెస్సర్ల గడి, గ్రేటర్ల గడి రెండూ నిండాయి. ‘తేలలేదు’ గడిలో ఇంకా పదకొండు పిట్టలు ఉన్నాయి.